మా పాపకు గిటార్ ఎంచిపెట్టిన పెద్దాయనకు

సుల్తాన్ బజార్‌లోని మ్యూజిక్ షాపుకు తీగల కోసం వచ్చి, మా కోసం అంతసేపు ఆగిపోయిన పెద్దాయన గారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. హడావిడిలో మీ పేరు కూడా అడగలేకపోయానండీ.

పాపకు ఎనిమిదేళ్లు. నల్లగా మెరిసే పెద్ద గిటార్ మీదే దాని కళ్లన్నీ. మీరు వద్దనలేదు. దాన్నే ఒళ్లో పెట్టించి, "ఏదీ తల్లీ, మొదటి ఫ్రెట్ అందుకో" అన్నారు. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, మొదటిది అన్నిటికంటే దూరం. భుజం పైకి లేచిపోయింది, మణికట్టు మెలిపడింది. అప్పుడు ముప్పావు సైజు, నైలాన్ తీగలది చేతికిచ్చారు. హాయిగా అందింది! స్టీల్ తీగలైతే లేత వేళ్లు నొప్పెట్టి పిల్లలు పక్కన పడేస్తారని చెప్పారు.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 4 మిల్లీమీటర్ల కంటే ఎత్తుంటే నొక్కడం కష్టమని స్కేలు పెట్టి మరీ చూపించారు. ఈ గిటార్‌కు స్టీల్ తీగలు ఎప్పుడూ వేయించొద్దన్నారు, ఆ లాగుడుకు బ్రిడ్జి, అంటే గిటార్ పొట్ట మీద తీగలు కట్టే చెక్క ముక్క, ఊడొస్తుందట. ఆ మాట షాపులో ఎవరూ చెప్పలేదు. శ్రుతి సరిచూసుకునే ట్యూనర్ కొనక్కర్లేదు, ఫోన్లో యాప్ చాలన్నదీ మీరే.

ఇప్పుడు స్కూలు నుంచి రాగానే గిటార్ పట్టుకుంటోంది. ఇది మీ కంటపడితే ఒక్క మాట రాయండి. పాప మీకు వాయించి వినిపిస్తానంటోంది.