చిగుళ్ల రక్తానికి కొబ్బరి బొండం మందా?

ఎడిటర్ గారికి,

మా కోనసీమలో పళ్లు తోముతుంటే రక్తం వస్తే వేడి చేసిందని బొండం తాగి ఊరుకుంటారు, బొండాలకి మాకు కొదవేముంది! అసలు సంగతేంటంటే పంటికీ చిగురుకీ మధ్య పాచి పేరుకుంటే అక్కడ వాపు మొదలవుతుంది, ఆ పాచే గట్టిపడి గార కడుతుంది, పట్టించుకోకపోతే పాచిలోని సూక్ష్మజీవులతో పోరాడే క్రమంలో మన ఒంట్లోని కణాలే పంటి వేరు చుట్టూ ఉన్న ఎముకను కరిగించేస్తాయి. నొప్పి పెద్దగా ఉండదు. అందుకే చాలామందికి పన్ను కదిలేదాకా తెలియదు. చుట్ట కాల్చేవాళ్లకైతే రక్తం కూడా సరిగా కనబడదు, షుగర్ ఉంటే ఇంకా ముదురుతుంది. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనేది వట్టి మాట, గార పోయాక సందులు బయటపడతాయంతే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో షుగర్ చూసే రోజే చిగుళ్లు కూడా చూడొచ్చు కదా?

— ఒక పాఠకుడు, అమలాపురం