పక్కన కూర్చోవడమూ వైద్యమే

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ హాస్టల్ నుంచి దసరా సెలవులకు వచ్చిన మా అమ్మాయి అన్నాన్ని పళ్లెం అంచుకు నెట్టేసి లేచిపోయేది. డైటింగ్ అనుకున్నాం. మా అత్తగారు దిష్టి తీశారు. మొదట చూసిన డాక్టరు టానిక్ రాసి పంపారు. నెలసరి ఆగిపోయాక గానీ సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లలేదు. 'అనొరెక్సియా' అనే మాట అక్కడే విన్నాం, లావైపోతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బట.

ఆవిడ మందుల కన్నా ముందు మాకే పని చెప్పారు. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో మొదలైన పద్ధతట. కొన్నాళ్లు ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే చూసుకోవాలి, పిల్లను మాత్రం తిట్టకూడదు. రెండు ఇడ్లీలకు గంటన్నర పట్టిన రోజులున్నాయి. మావారు పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ పక్కనే కూర్చునేవారు (ఒకసారి తలకిందులుగా పట్టుకున్నారు). నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని. పది నెలలకు, మొన్న తనే గోంగూర పచ్చడి అడిగింది, నూనె వేయమంది.

బంధువులకో విన్నపం. కోలుకుంటున్న పిల్లను పెళ్లిలో చూసి 'ఒళ్లు చేశావే' అనకండి. ఆ ఒక్క మాటకు మేం రెండు వారాలు వెనక్కి వెళ్లాం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీ పేపర్లో రాశిఫలాల పక్కన రోజూ వేయండి.

– ఒక తల్లి, తెనాలి