సీసీ తక్కువైతే డీజిల్ తక్కువని ఎవరు చెప్పారు?

సంపాదకుల వారికి,

మీ పత్రికలో చిన్న ప్రకటనల పేజీ నేను రోజూ చూస్తాను. నిజం చెప్పాలంటే మొదటి పేజీ కన్నా ముందే చూస్తాను, పాత పికప్పులు ఎవరు అమ్ముతున్నారో, ఎంతకి ఇస్తున్నారో తెలుసుకోవడం మా వ్యాపారంలో అవసరం మరి. అందులో ఒకాయన “చిన్న ఇంజిన్, మైలేజీ సూపర్” అని వేస్తాడు. పక్కనే ఇంకొకాయన “పెద్ద ఇంజిన్, ఎంత లోడైనా లాగుతాది” అని వేస్తాడు. ఎంత బరువుతో, ఏ రోడ్డు మీద అన్న ముక్క మాత్రం ఎవ్వరూ వేయరు. లీటరు డీజిల్ వంద రూపాయలకు దగ్గర్లో ఉన్న రోజుల్లో ఆ ముక్క అడక్కుండా అప్పు చేసి బండి కొనేవాళ్లను చూస్తుంటే నాకే టెన్షన్‌గా ఉంటోంది. అందుకే ఈ ఉత్తరం.

నేను గాజువాక వైపు సరుకు బండ్లు తిప్పుకునే చిన్న ఓనర్ని. ఇంజినీర్ని కాదు. కాకపోతే ఆటోనగర్ షెడ్లలో చాలాకాలంగా కూర్చుంటున్నాను, ఎవరి బండికైనా హెడ్డు, అంటే ఇంజిన్ పైమూత, దించుతుంటే పక్కన నిలబడి చూస్తాను. కొత్తగా ఈ లైన్లోకి వచ్చే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న “అన్నా, లీటరుకి ఎంతిస్తాది?” రెండోది “ఎన్ని సీసీ?” అంటే ఇంజిన్ సైజు ఎంత అని. సీసీ పెరిగితే మైలేజీ పడిపోతుంది, ఇంక మాట్లాడేదేం లేదన్నట్టు ఉంటారు. ఖాళీ బండికి అది నిజమే. కానీ ఖాళీ బండికి కిరాయి ఎవరిస్తారు?

మన రోడ్ల మీద తిరిగే పాత బండ్లనే తీసుకోండి. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌ది రెండు సిలిండర్ల ఇంజిన్, 702 సీసీ, 16 హార్స్ పవర్. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌కి మూడు సిలిండర్లు, 1478 సీసీ. పాత బొలెరో పికప్పుది 2523. టాటా 207 డీఐ అయితే 2956 సీసీ, అంటే ఆ మొదటి ఏస్‌కి నాలుగు రెట్ల పైమాటే. మరి 207 ఏస్ కన్నా నాలుగు రెట్లు డీజిల్ తాగుతుందా అంటే తాగదు, ఆ బండి నడిపిన ఏ డ్రైవర్ని అడిగినా చెబుతాడు. ఈ పాత డీజిల్ ఇంజిన్లలో పెట్రోల్ బండిలో లాగా గాలిని ఆపే థ్రాటిల్ ఉండదు, పట్టినంత గాలి పీల్చుకుంటూనే ఉంటాయి, మన కాలి కింద పెడల్ డీజిల్ ఎంత పడాలో మాత్రమే చెబుతుంది. పని తక్కువుంటే డీజిల్ తక్కువే పడుతుంది. పెద్ద ఇంజిన్‌లో దండగ అయ్యేది ముఖ్యంగా రాపిడి దగ్గర, అన్ని పిస్టన్లు, బేరింగులు, పంపులు తనకు తాను తిప్పుకోవాలి కదా, పైగా ఆ ఇనుము బరువొకటి. ఈ ఖర్చు లోడున్నా లేకపోయినా ఉండేదే. ఖాళీగా తిరిగితే అది మన జేబులోంచి పోతుంది, నిండుగా తిరిగితే సరుకు మీద సర్దుకుపోతుంది.

సీసీ ఒక్కటే చూస్తే ఇంకో విషయం కూడా తప్పిపోతుంది. 207లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడి మండుతుంది, ఆ పేరు చివర డీఐ అని ఉండేది అందుకే, డైరెక్ట్ ఇంజెక్షన్. ఆ మొదటి ఏస్‌లో అలా కాదు, హెడ్డులో ఒక చిన్న గది ఉంటుంది, డీజిల్ ముందు అందులో అంటుకుని అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి వస్తుంది. దానివల్ల మంట కాస్త మెత్తగా ఉంటుంది గానీ ఆ గది గోడల గుండా వేడి పోతుంది, అదంతా మనం డబ్బులు పెట్టి కొన్న వేడే. అదే పనికి ఈ రకం ఇంజిన్ నూటికి పది పదిహేను వంతులు ఎక్కువ తాగుతుంది. ఏస్ చెడ్డ బండి అనడం లేదు, ఈ ఊళ్లో దాని మీద ఎన్ని కుటుంబాలు బతికాయో నాకు తెలుసు. చిన్న ఇంజిన్ అంటే పొదుపు అని గుడ్డిగా రాసేసుకోవద్దంటున్నాను, అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మీ బండివి మీరు వేసుకోండి. 1400 కిలోల సరుకు 40 కిలోమీటర్ల దూరం చేర్చి ఖాళీగా తిరిగి రావాలి, సుమారు విశాఖ నుంచి అనకాపల్లి అనుకోండి. చిన్న బండి లీటరుకి 16 ఇస్తుంది, 700 కిలోలు వేస్తారు. రెండు ట్రిప్పులు, మొత్తం 160 కిలోమీటర్లు, 10 లీటర్లు. పెద్ద బండి 10 మాత్రమే ఇస్తుంది, కానీ ఒక్క ట్రిప్పులో అయిపోతుంది, 80 కిలోమీటర్లు, 8 లీటర్లు. మైలేజీలో ఓడిపోయిన బండి డీజిల్‌లో రెండు లీటర్లు మిగిల్చింది, ఇంకా డ్రైవర్ బత్తా, సగం రోజు టైమూ నేను కలపలేదు. అదే సరుకు 300 కిలోలే అయితే కథ తిరగబడుతుంది, చిన్న బండికి 5 లీటర్లతో పోతుంది, పెద్దది తేలికగా వెళ్లి 12 ఇచ్చినా ఆరున్నర పైనే అవుతుంది. కాబట్టి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది సగం లెక్కే, ఒక టన్ను సరుకు చేర్చడానికి ఎన్ని లీటర్లు అన్నది అసలు లెక్క. ఇది వేసే ఓనర్లు గాజువాకలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ మనవాళ్లు ఒక తెలివి చేస్తారు. చిన్న బండే కొని, కమాన్ పట్టీలు, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలు, అదనంగా వేయించి, పెద్ద బండి సరుకు దాంట్లో వేస్తారు. రెండు లాభాలూ కొట్టేద్దామని. చంటోడి నెత్తిన బియ్యం బస్తా పెట్టి పరిగెత్తమన్నట్టు ఉంటుంది. డీజిల్ ఇంజిన్ బాగా పొదుపుగా పనిచేసేది మధ్యస్థం స్పీడులో, దాని శక్తిలో ముప్పాతిక వంతు దాకా వాడుకుంటున్నప్పుడు. పెడల్ నేలకి తొక్కి పట్టి, సెకండ్ గేరులో, థర్డ్ గేరులో అరిపిస్తూ పోతే పడిన డీజిల్ అంతా మండదు, నల్ల పొగై పోతుంది. అప్పుడు కాగితం మీది 16 ఎక్కడ ఉంటుంది? ఒకోసారి పెద్ద బండి కన్నా కిందికి దిగిపోతుంది, ఇంజిన్ పని కూడా ముందే వస్తుంది.

మన ఊరి గొడవేమిటంటే ఒకే రోజులో మూడు రకాల రోడ్లు తగులుతాయి. పొద్దున్న గాజువాక జంక్షన్లో ఆగి కదిలి, ఆగి కదిలి. తర్వాత జాతీయ రహదారి మీద ఖాళీ రోడ్డు. మర్నాడు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్. జంక్షన్లో పెద్ద ఇంజిన్ ఊరికే తాగుతుంది, రహదారి మీద ఏ ఇంజినైనా ఒకటే, గాలి తినేస్తుంది. 60లో పోయే బండి 80కి వెళితే గాలి అడ్డు దాదాపు 1.8 రెట్లవుతుంది, దానికితోడు పైన పట్టా సరిగ్గా కట్టకుండా టపటపా కొట్టుకుంటుంటే చెప్పక్కర్లేదు. ఇరవై నిమిషాలు ముందు చేరి ఏం సాధిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఘాట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అక్కడే డబ్బూ ప్రాణమూ రెండూ పోతున్నాయి. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. బండి, సరుకు కలిపి 3 టన్నులనుకుంటే, ఆ బరువుని అంత ఎత్తుకి ఎక్కించడానికే రెండు లీటర్లకు పైగా డీజిల్ కావాలి, మధ్యలో దిగి మళ్లీ ఎక్కేది వేరే. ఇది బరువు లెక్క, 702 అయినా 2956 అయినా దీన్ని తప్పించుకోలేదు. పెద్ద ఇంజిన్ ఆ పనిని టాప్‌కి దగ్గరి గేరులో నెమ్మదిగా చేస్తుంది, చిన్నది ఫస్టు, సెకండు మధ్య కొట్టుకుంటూ, హాఫ్ క్లచ్ మీద నిలబడుతూ చేస్తుంది. క్లచ్ ప్లేటు ఖర్చు మైలేజీ లెక్కలో ఎవరు రాస్తారు?

దిగేటప్పుడు ఇంకా ఘోరం. కొందరు ఓనర్లు డ్రైవర్లకి “లీటరుకి ఇంత రావాలి, రాకపోతే జీతంలో కోత” అని కట్టేస్తారు. ఆ డ్రైవర్ ఏం చేస్తాడు, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తాడు. డీజిల్ మిగులుతుందని నమ్మకం. మిగలదండీ. గేరులో ఉంచి పెడల్ మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, ఇంజిన్‌కి డీజిల్ అందించే పంపు డీజిల్ ఆపేస్తుంది, పాత మెకానికల్ పంపులో ఇంజిన్ స్పీడుని బట్టి డీజిల్‌ని సర్దే గవర్నర్ కూడా అదే పని చేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజిన్ ఆరిపోకుండా ఉండడానికి డీజిల్ పడుతూనే ఉంటుంది. అంటే ఎక్కువ డీజిల్ కాల్చి, ఇంజిన్ బ్రేకింగ్ పోగొట్టుకుని, బరువంతా బ్రేకుల మీద వేసి, అవి వేడెక్కి పట్టు వదిలేదాకా తెచ్చుకోవడం. జీతం కోత పెట్టే ఓనర్లకి దణ్ణం పెట్టి చెబుతున్నాను, ఆ పద్ధతి మానేయండి. మైలేజీ పడిపోతే ముందు బండి చూడండి, తర్వాత డ్రైవర్ని తిట్టండి.

బండిలో చూడాల్సింది కూడా పెద్ద విద్యేం కాదు. మన ఊరిది ఉప్పు గాలి. ఫిషింగ్ హార్బర్ వైపు ఐసూ చేపలూ తిప్పే బండ్లకి మరీనూ. వీల్ సిలిండర్లు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు తుప్పు పట్టి బ్రేకు పూర్తిగా వదలదు, బండి కొద్దిగా బ్రేకు వేసుకునే నడుస్తుంటుంది. కాసేపు నడిపి ఆపి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెడితే తెలిసిపోతుంది, ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే డీజిల్ అక్కడ పోతున్నట్టే. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిన పాత పంపు బండికి గాలి తక్కువైందని తెలియదు, డీజిల్ మాత్రం అంతే పోస్తుంది. డీజిల్ చిమ్మే నాజిళ్లు అరిగితే సరిగ్గా చిమ్మదు, కారుతుంది. టైర్లలో గాలి సంగతి అందరికీ తెలుసు, ఎవరూ చూడరు.

డీజిల్ పంపు పెంచమనడం ఒక జబ్బు. లాగడం లేదని షెడ్డుకి తెచ్చి “అన్నా, పంపు కొంచెం పెంచు” అంటారు. స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది, కొంత లాగుడు వస్తుంది, మిగతాది పొగ. గాలి పెరక్కుండా డీజిల్ పెంచితే ఇంకేం వస్తుంది? పొల్యూషన్ పరీక్షలో బండిని ఒకచోట నిలబెట్టి ఊరికే రేజ్ చేసి చూస్తారు కాబట్టి లోడుతో యెండాడ ఎత్తు ఎక్కేటప్పుడు అది కొట్టే పొగ ఆ పరీక్షలో పూర్తిగా బయటపడదు. వెనక బైకు మీద వచ్చేవాడు పీలుస్తాడు.

పాత బండి బేరంలో ఇంకో రెండు మాటలు. ట్యాంకు బదులు కొలిచిన డీజిల్ సీసా పెట్టి మైలేజీ చూపిస్తామంటారు, అప్పుడు ఇంజిన్ వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా ఆ సీసాలోకే పోతోందో లేదో చూడండి, లేకపోతే ఆ లెక్కకి అర్థం లేదు. దానికన్నా ట్యాంకు ఫుల్లు చేసి, మీ సరుకు వేసి, మీ రోడ్డు మీద తిప్పి, మళ్లీ అదే బంకులో ఫుల్లు చేయడం మేలు, అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఇంకో బండి చూసుకోండి. కంపెనీ సైజు కన్నా పెద్ద టైర్లు వేసిన బండిలో మీటరు తక్కువ చూపిస్తుంది, చిన్నవి వేస్తే ఎక్కువ చూపిస్తుంది, అదీ గుర్తుంచుకోండి. వెనక యాక్సిల్లో చక్రాలని తిప్పే పళ్ల చక్రాల జత, క్రౌన్ పీనియన్, మార్చారా అని అడగండి. రహదారి మైలేజీ కోసం మార్చిన బండి ఘాట్‌లో ఏడిపిస్తుంది.

ఏది కొనాలి అంటారా. పూర్ణా మార్కెట్ నుంచి ఎంవీపీ, సీతమ్మధార రైతు బజార్ల దాకా నాలుగైదు వందల కిలోలు వేసుకుని తిరిగేవాడికి 2956 సీసీ ఎందుకు, డీజిల్ దండగ, సందుల్లో తిప్పలేక తిప్పలు. అనకాపల్లి బెల్లమో, సిమెంటో, ఇనుమో టన్ను పైన రోజూ వేసేవాడు చిన్న ఇంజిన్ జోలికి పోకూడదు. ఘాట్ పని వారానికి రెండు మూడు సార్లు ఉన్నా నేనైతే రెండున్నర లీటర్ల ఇంజిన్ కన్నా తక్కువ చూడను. దోస్త్ సైజు బండి మధ్యరకం పనికి సరిపోతుంది, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో గొట్టాలు బాగుంటేనే, అవి చీలితే పొగా వస్తుంది, లాగుడూ పోతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ ఖర్చు, బండి ఆగిపోయే రోజులు కూడా బేరంలో వేసుకోండి. రోజుకి కొద్ది కిలోమీటర్లే తిరిగే పాత పెద్ద బండిని మైలేజీ కోసం అమ్మేసి, వడ్డీకి తెచ్చి కొత్తది కొనడం నాకు నచ్చదు, నెలకి మిగిలే డీజిల్ కన్నా వాయిదా పెద్దదిగా ఉంటుంది.

ఇక మీకు నా విన్నపం. పాత సరుకు బండి ప్రకటన తీసుకునేటప్పుడు మైలేజీ అంకె వేస్తామనేవాళ్లని ఇంకో రెండు ముక్కలు అడగండి, ఎంత బరువుతో వచ్చిందో, ఏ రోడ్డు మీద వచ్చిందో. ఒక లైను పెరుగుతుంది, దాని డబ్బులు కూడా మీరే తీసుకోండి. చెప్పడం ఇష్టం లేనివాళ్లు మైలేజీ మాట లేకుండా బండి ఏ సంవత్సరందో, ఏ మోడలో వేసుకుని అమ్ముకోవచ్చు.

ఇట్లు,
ఒక సరుకు బండ్ల ఓనరు,
గాజువాక, విశాఖపట్నం