నెల రోజుల రింగుపై మీ వైఖరి ఏమిటి?

ఎయిడ్స్ నియంత్రణ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. మహిళలకు హెచ్‌ఐవీ సోకే ముప్పును తగ్గించే డాపివిరిన్ రింగు విషయమై ఇంతకుముందు రాసిన ఉత్తరాలకు మీ కార్యాలయం నుంచి జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కండోమ్ వాడాలంటే భర్త ఒప్పుకోవాలి. హెచ్‌ఐవీ సోకకుండా రోజూ మింగే మాత్రల సీసాను బియ్యం డబ్బాలో దాచినా, తీసేటప్పుడు గలగలమంటుంది. "నీకేం జబ్బు?" అని అత్తగారు నిలదీస్తారు. ఆ ప్రశ్నకు జడిసి మాత్రలు మానేసిన మహిళలు మా బస్తీలో ఉన్నారు.

డాపివిరిన్ రింగు మెత్తటి సిలికాన్‌ది. మహిళ తానే యోనిలో అమర్చుకోవచ్చు. అందులో హెచ్‌ఐవీని అడ్డుకునే డాపివిరిన్ అనే మందు 25 మిల్లీగ్రాములు ఉంటుంది. నెలపాటు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. ఆఫ్రికాలో జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. హెచ్‌ఐవీ సోకడం సుమారు 30 శాతం తగ్గింది. తక్కువే, కాదనను. ఇతర సుఖవ్యాధులనూ, గర్భాన్నీ అది ఆపదు. అయినా ఏ రక్షణా లేనివారికి అది చిన్న విషయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అదనపు మార్గంగా సిఫారసు చేసింది. జింబాబ్వే, దక్షిణాఫ్రికా అనుమతించాయి.

మన దేశంలో ఈ రింగుపై మీ వైఖరి ఏమిటో, అడ్డంకి ఎక్కడుందో 30 రోజుల్లో లిఖితపూర్వకంగా ప్రకటించండి. నిర్ణయం తీసుకునే సమావేశంలో, దాన్ని వాడవలసిన మహిళలకూ కుర్చీ వేయండి.

భవదీయురాలు,
ఒక ఆరోగ్య కార్యకర్త