‘లైవ్’ అంటే ఎన్ని సెకన్ల కిందటిది?

సంపాదకుడు గారికి, నమస్కారం.

నదిలో నీటిమట్టం ఎంత, బస్సు ఎక్కడుంది, గాలి ఎలా ఉంది - అన్నీ ఇప్పుడు తెరమీద ‘లైవ్’గా చూస్తున్నాం. అంకె మధ్యలో ఆగిపోయిందని ఫిర్యాదు చేస్తే వచ్చే జవాబు మాత్రం తరచూ ఒకటే: ‘మీ నెట్ స్పీడ్ చూసుకోండి.’ నెట్‌వర్క్ పనిలో ఉన్నవాడిని కాబట్టి ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. స్పీడ్ టెస్ట్ ముఖ్యంగా చెప్పేది సెకనుకు ఎంత డేటా వస్తుందో. లైవ్ సమాచారంలో డేటా చాలా కొద్ది. అది ఎంతసేపట్లో, ఎంత నిలకడగా చేరుతోందన్నదే ముఖ్యం.

దూరం మీదికి నెట్టేయడమూ కుదరదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు వెళ్లి రావడానికి 10 మిల్లీసెకన్లు చాలు. (భూస్థిర ఉపగ్రహం మీదుగా అయితే అర సెకను పడుతుంది, అది వేరే సంగతి.) తెర పది సెకన్లు బిగుసుకుపోయిందంటే వేరే కారణం వెతకాలి. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది. వాటిని చేరవేసే పద్ధతుల్లో ఒకటైన టీసీపీ వరస తప్పనివ్వదు. ఒక్క ప్యాకెట్ దారిలో పోతే, వెనకవన్నీ వచ్చి చేరినా అది మళ్లీ వచ్చేదాకా అప్లికేషన్‌కు అందవు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. అంకె ఆగి, గబగబా నాలుగైదుసార్లు మారితే ముందు అనుమానించాల్సింది దీన్నే. అసలు మళ్లీ కదలకపోతే, కాసేపు డేటా రాలేదని మధ్యలో రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ను చడీచప్పుడు లేకుండా తీసేసి ఉండొచ్చు. రెండు చివర్లూ కనెక్షన్ ఉందనే అనుకుంటూ కూర్చుంటాయి.

దారిలోని ఒక్కో రౌటర్‌నూ పలకరించి చూసే ట్రేస్‌రూట్ పరీక్షలో, నడుమ ఒక రౌటర్ దగ్గర జవాబు రాలేదని చెప్పే నక్షత్రం గుర్తులు కనిపించగానే తప్పు దానిదేనని తేల్చేవాళ్లూ ఉన్నారు. చాలా రౌటర్లు అలాంటి ప్రశ్నలకు తీరిక ఉంటేనే బదులిస్తాయి. తర్వాతివన్నీ సరిగ్గా పలుకుతుంటే దాన్ని వదిలేయాలి.

ఇంత వెతుకులాట తగ్గాలంటే ప్రతి రీడింగ్‌కూ మూడుచోట్ల టైమ్‌స్టాంప్ (అప్పటి సమయం ముద్ర) పడాలి: పరికరం దగ్గర, సర్వర్‌కు చేరగానే, బయటికి పంపేటప్పుడు. నెట్ మీదుగా సమయం సరిచేసే ఎన్‌టీపీ పద్ధతితో గడియారాలన్నీ ఒకే సమయానికి ఉండాలి. అప్పుడు ఆలస్యం ఎవరి దగ్గర జరిగిందో వాదించుకోనక్కర్లేదు. నెలవారీ నివేదికలో సగటు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోకుండా, వందలో అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చినదానికి ఎంత పట్టిందో కూడా చెప్పాలి. జనానికి కనిపించే అంకె పక్కన అది ఎన్ని సెకన్ల కిందటిదో ఉండాలి. ఫీడ్ ఆగిందంటే ‘లైవ్’ అన్న గుర్తు దానంతటదే పోవాలి. ఇలాంటి సేవ కొత్తగా పెట్టే ప్రతి సంస్థా ఈ షరతులను టెండర్‌లోనే రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నెట్‌వర్క్ ఇంజనీరు