పల్లె బ్యాండ్ యజమానుల దానం కాదు

సంపాదకుడికి,

గత నెల మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండు పల్లెల బ్రాస్ బ్యాండ్లపై, అంటే ఇత్తడి ఊదుడు వాయిద్యాల బృందాలపై, వచ్చిన వ్యాసానికి తెలిసినవారెవరైనా జవాబిస్తారని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. మిల్లు యజమానులు దయతలచి పెట్టించిన కాలక్షేపమనీ, బొగ్గు గనులు మూతపడ్డాక దానికీ నూకలు చెల్లాయనీ మీ వ్యాసకర్త తేల్చేశారు. రెండూ తప్పే.

యజమానులు డబ్బు పెట్టిన మాట నిజం. క్వీన్స్‌బరీలో 1855లో మిల్లు యజమాని జాన్ ఫాస్టర్ అండతోనే బ్లాక్ డైక్ మిల్స్ బ్యాండ్ నిలబడింది. కానీ ఎన్నో ఊళ్లు చందాలు పోగుచేసి, అప్పుచేసి వాయిద్యాలు కొనుక్కున్నాయి. పగలంతా మగ్గాల దగ్గర, గనుల్లో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు రాత్రిళ్లు కూర్చుని స్వరలిపి నేర్చుకున్నారు. ఆ కష్టాన్ని ఇంకొకరి ఖాతాలో వేస్తారా?

అసలు ఒక చిన్న ఊళ్లో పాతికమంది కలిసి ఎలా వాయించగలిగారో వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 19వ శతాబ్దం తొలి దశకాల్లో జర్మనీలో వాల్వులు, అంటే వేలితో నొక్కి స్వరం మార్చే మీటలు, ఈ వాయిద్యాలకు వచ్చాయి. 1840లలో ప్యారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఒకే తీరున ఉండే శాక్స్‌హార్న్‌లనే వాల్వుల ఇత్తడి వాయిద్యాలు చేశాడు. బ్యాండ్‌లో చిన్నదైన కార్నెట్‌కైనా, పెద్దదైన ట్యూబాకైనా వేళ్లు వేసే పద్ధతి ఒకటే, రాసుకునే లిపీ ఒకటే. కార్నెట్ నేర్చిన పిల్ల కొద్ది సాధనతో అంతకన్నా పెద్దదైన టెనార్ హార్న్ అందుకోగలదు. ఇంకా పెద్దదైన యూఫోనియం వాయించే పెద్దాయన మానుకుంటే ఆ చోటు ఊళ్లోవాళ్లే నింపుతారు. వాయిద్యం బ్యాండ్‌ది, మనిషిది కాదు. కొనలేని ఇంటి పిల్లలకూ సంగీతం అబ్బింది అందుకే. ఆడవాళ్లను చాలాకాలం దూరం పెట్టడం ఈ చరిత్రలో పెద్ద మచ్చ. మీరు తప్పు పట్టదలిస్తే దాన్ని పట్టి ఉండాల్సింది.

ఇక నూకలు చెల్లడం సంగతి. గ్రైమ్‌థార్ప్ గని బ్యాండ్ 1917లో పుట్టింది. 1992 అక్టోబరులో గనుల మూసివేత ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జాతీయ పోటీ గెలిచింది. మరుసటి ఏడాది గని పోయింది, బ్యాండ్ పోలేదు. డర్హమ్‌లో 1871లో మొదలైన గని కార్మికుల ఉత్సవంలో, గనులు ఎప్పుడో మూతపడిన ఊళ్ల జెండాలు ఈనాటికీ బ్యాండ్ల వాద్యంతో కదులుతున్నాయి.

వీటిని నిజంగా దెబ్బతీసేది అధికారుల తీరు. ఏ దేశంలోనైనా నిధులకు కటకట రాగానే ముందు బడిలో సంగీతం మాస్టారి మీద వేటు పడుతుంది, ఆ తర్వాత సాధన చేసుకునే గది అద్దె పెరుగుతుంది. సభలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే పెద్దలే ఆ కాగితాల మీద సంతకాలు పెడతారు. వాళ్లను నిలదీయాల్సిన పత్రిక పాతకాలపు ఫొటోలు నాలుగు వేసి సరిపెడితే ఎలా? ఒకప్పుడు మీ అనుబంధంలో వ్యాసం వచ్చిందంటే దాచుకునేవాళ్లం.

ఆ ఫొటోల్లో ఒకదాని కింద కార్నెట్‌ను ట్రంపెట్ అని వేశారు. కనీసం ఆ సవరణైనా వచ్చే ఆదివారం వేయండి.

– ఒక పాఠకుడు