ఫోటో కింద ‘చేనేత’ అని రాసేముందు చీర తిప్పి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో విజయవాడ చీరల వేడుక ఫోటోలు వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఇంట్లో చుట్టాలుండి కుదరలేదు. నాలుగు రోజులు గడిచినా ఆ సంగతి మనసులోంచి పోకపోవడంతో ఇప్పుడు కూర్చున్నాను.

కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లు అంతమంది ఒకేచోట చీరలు కట్టుకుని కనిపిస్తే నాకూ సంతోషమే. వాళ్లను ఒక్క మాట అనను. నా బాధంతా ఆ ఫోటోల కింద మీరు వేసిన మాట గురించి. ‘మంగళగిరి చేనేత చీరల్లో’ అని రాశారు. ముందు వరుసలో ఉన్న నలుగురిలో ముగ్గురు కట్టుకున్నవి మంగళగిరి చీరలు కావు. ఒంటి నిండా పూలు ఉన్నాయి కదా అని అనడం లేదు, ఈ మధ్య మంగళగిరి బట్ట మీద కూడా అద్దకాలు వేస్తున్నారు. ఆ చీరలకు అంచు కూడా అచ్చే. అక్కడ జరీ పోగు లేదు, జరీ రంగు మాత్రమే ఉంది. పేపర్లో ఫోటో చూసే నాకు తెలిసిపోయింది, ఎదురుగా నిలబడి తీసిన మీ వాళ్లకు తెలియకపోతే ఎలా?

నేను మంగళగిరిలో పుట్టాను. మా నాన్న, పెదనాన్న గుంట మగ్గం మీద, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, నేసేవారు. తెల్లారకముందే వీధిలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, సాగదీసి గంజి పెట్టేవారు, ఎండ ఎక్కేలోగా ఆ పని అయిపోవాలి. అమ్మ రాట్నం ముందు కూర్చుని పేక నూలు, అంటే అడ్డపోగు, కండెలకు చుట్టేది. వర్షాకాలం గుంటలో చెమ్మ చేరితే మగ్గం ఆగిపోయేది, ఆ వారం ఇంట్లో కూరలు తగ్గేవి. మా వూరి చీరంటే ఒంట్లో బుటాలు లేకుండా సాదాగా, గట్టి నేతతో ఉంటుంది. అందమంతా అంచులోనూ కొంగులోనూ ఉంటుంది. నిజాం అంచు అని దానికి పేరు, చిన్న చిన్న గోపురాల్లా జరీ ఎక్కుతుంది. ఉతికిన కొద్దీ మెత్తబడుతుంది గానీ నేత జారదు.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, నేనే మోసపోయాను. మా మేనకోడలి శ్రీమంతానికి పెడదామని విజయవాడలో ఒక పెద్ద షాపులో చీర కొన్నాను. పద్దెనిమిది వందలు. ‘ఒరిజినల్ మంగళగిరి అమ్మా, మగ్గం చీర’ అన్నాడు సేల్స్ కుర్రాడు. షాపులో ఆ లైట్ల వెలుగులో, వెనకాల జనం తోసుకుంటుంటే సరిగా చూడలేకపోయాను. ఇంటికి తెచ్చాక మా పెద్దన్నయ్య చీర చేతిలోకి తీసుకుని, అంచు తిప్పి, ఒక్క నిమిషం మాట్లాడలేదు. ‘అమ్మాయ్, ఇది మన గుంట మొహం చూసింది కాదు’ అన్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. నేసిన చేతులవి. ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

మర్నాడు బిల్లు పట్టుకుని షాపుకు వెళ్తే, బిల్లులో మంగళగిరి అని ఎక్కడుంది అని అడిగారు. నిజమే, ‘శారీ – 1’ అని మాత్రమే ఉంది. ఒక ఆఫీసుకు వెళ్లాను. ఈ సీటు కాదు ఆ సీటు అన్నారు, ఆ సీటాయన సెలవన్నారు, మూడోసారి వెళ్తే రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఇప్పటికి జవాబు లేదు. పద్దెనిమిది వందల కోసం ఈ వయసులో ఎందుకీ టెన్షన్ అని మా అబ్బాయి కోప్పడ్డాడు. డబ్బు సంగతి నేనెప్పుడో వదిలేశాను.

చట్టాలు లేకనా? చేనేతకు కొన్ని రకాల బట్టలను ప్రత్యేకంగా కేటాయిస్తూ 1985లోనే పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలుండేవి, తగ్గించి తగ్గించి 11కు తెచ్చారు. అందులో చీర ఇప్పటికీ ఉంది. ఆ రకాలను కరెంటుతో నడిచే మరమగ్గాల మీద నేస్తే ఆరు నెలల దాకా జైలో, మగ్గానికి 5 వేల రూపాయల దాకా జరిమానానో, రెండూనో అని ఆ చట్టం చేసినప్పుడే రాశారు. మంగళగిరి చీరలకు, బట్టలకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు అక్కడి సరుకుకే చెందుతుందనే గుర్తింపు, వచ్చి పదేళ్లు దాటింది. ఆ పేరు దొంగతనంగా వాడుకుంటే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ అని చీరకు కుట్టే గుర్తు కూడా ఉంది. ఇన్ని కాగితాలుండి, షాపులోకి వెళ్లి ఈ చీర ఎక్కడ నేసింది అని అడిగే అధికారి ఒక్కరూ లేకపోతే వాటితో ఏం లాభం?

ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం చేస్తారు. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని గుర్తు చేసుకోవడానికి 2015 నుంచి జరుపుతున్నారు. మంచిదే. ఆ రోజు వేదిక మీద నేతన్నలకు కప్పే శాలువాలను ఒకసారి చేత్తో పట్టి చూడండి. నేను చూశాను, పాలిస్టర్. చేనేత కార్మికుడి భుజాల మీద పాలిస్టర్ శాలువా కప్పి ఫోటో దిగడానికి ఆ పెద్దలకు చేతులెలా వచ్చాయో నాకు అర్థం కాదు. 2020లో అఖిల భారత చేనేత బోర్డునే రద్దు చేశారు. ఆ సంవత్సరం ముందూ వెనకా జరిగిన చేనేత గణనలో దేశంలో నేతా, దాని అనుబంధ పనులూ చేసేవాళ్లు 35 లక్షల పైచిలుకు అని, అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే అని తేలింది. చీర కట్టుకునేదీ ఆడవాళ్లే, దాని వెనక చాకిరీ చేసేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

ఇదే బెజవాడలో 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశం జరిగింది, గాంధీ గారు వచ్చారు. దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానం చేసింది ఇక్కడే. ఆ ఊళ్లో ఈ రోజు నూలేదో, పాలిస్టరేదో అడిగితే చెప్పేవాళ్లు కరువయ్యారు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ‘పడుగూ పేకల్లా కలిసిపోయారు’ అని పిల్లలు పరీక్షలో రాస్తారు, పడుగంటే ఏమిటని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. తప్పు పిల్లలది కాదు. పన్నెండు కిలోమీటర్ల దూరంలో మగ్గాలుంటే ఒక్క పూట తీసుకెళ్లి చూపించడానికి ఏ స్కూలుకూ తీరికలేదు, ర్యాంకులకు మాత్రం ఉంది.

చీర అంటే కత్తెర పడని, సూది గుచ్చని బట్ట. అయిదున్నర మీటర్లు. మా అమ్మ చీర నాకు సరిపోయింది, నాది మా కోడలికి సరిపోతుంది, కొలతలు ఎవరూ తీసుకోలేదు. నాట్లు వేసే అమ్మ గోచీ పెట్టి కట్టినా, పెళ్లికూతురు కుచ్చిళ్లు పోసి కట్టినా అదే బట్ట. ఆడపిల్ల పుట్టింటికి వస్తే చీర పెట్టకుండా పంపం. చిరిగిపోయాకైనా దాన్ని పారేస్తామా? మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డనూ ముందు పొత్తిళ్లలో చుట్టింది అమ్మమ్మదో నాయనమ్మదో పాత నూలు చీరలోనే. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన చీర. ఉయ్యాల కట్టిందీ దాంతోనే, చివరికి బొంత కుట్టిందీ దాంతోనే. నేను శ్రీమంతానికని కొన్న ఆ చీరలో రేపు పుట్టే బిడ్డను చుట్టగలమా? చెమట పీల్చదు, ఒళ్లు పేలుతుంది. అందుకే దాన్ని పెట్టలేదు. అన్నయ్య తన పెట్టెలోంచి తాను నేసిన చీర తీసి ఇచ్చాడు, అదే పెట్టాం.

కొనేవాళ్లకు ఒక మాట. చీర అంచు వెంబడి వెలుతురులో చూడండి. మగ్గం మీద బట్ట బిగువుగా నిలవడానికి అడ్డంగా బద్ద పెడతారు, దాని కొసల సూదులు దిగిన సన్నని గుర్తులు రెండు వైపులా కనిపిస్తాయి. చీర తిరగేయండి, నేసిన అంచైతే వెనక కూడా పోగు కనిపిస్తుంది, అచ్చు వేసినదైతే వెలిసిపోయి ఉంటుంది. ఒక పోగు లాగి కాల్చండి, నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ఉండ కడుతుంది. బిల్లు మీద ‘మంగళగిరి చేనేత’ అని రాయించుకోకుండా డబ్బు ఇవ్వకండి. నేను చేసిన తప్పు అదే.

మరమగ్గం చీర కట్టుకోవద్దని నేను అనడం లేదు. ఎవరి స్తోమతు వారిది. దాన్ని మరమగ్గం చీర అని చెప్పి అమ్మమనండి, అంతే. షాపులవాళ్లు చెప్పరు, ఆఫీసర్లు అడగరు. పేపర్లో మీరు కూడా చేనేత అని వేస్తే ఇక జనానికి అదే నిజమవుతుంది.

ఆ ఫోటోల కింద మాటను సవరించి వేయమని కోరుతున్నాను, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో. అనుమానముంటే మీ విలేఖరిని పంపండి. ఆ షాపు చీర, అన్నయ్య నేసిన ఇంకో చీర నా దగ్గరే ఉన్నాయి. రెండూ పక్కపక్కన మంచం మీద పరిచి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బ్రాడీపేట, గుంటూరు